సున్నా టీ

తెర మీద సున్నా పడగానే టీ వచ్చేది.

ఈ ఆచారం ఎవరు మొదలుపెట్టారో ఆ పరిశోధన కేంద్రంలో ఎవరికీ గుర్తు లేదు. బల్ల మీద మత్తులో పంది ఉంటుంది. దాని తలకి తీగల టోపీ. ఆ టోపీ నుంచి గోడ మీది తెరకి ఒక అంకె వస్తూ ఉంటుంది. మెలకువగా ఉన్న ప్రాణికి తొంభై పైన, మత్తులో ఉన్నదానికి నలభై. ఆ నలభై పదికి దిగి, పది రెండుకి దిగి, సున్నా అయిన మరుక్షణం పెద్ద డాక్టరు రంగనాయకులు చేతి తొడుగులు విప్పి, "ఇహ కానివ్వండయ్యా" అనేవాడు. ఆయా మేరమ్మ పళ్ళెంలో స్టీలు గ్లాసులు గలగలలాడించుకుంటూ వచ్చేది. దానికి సున్నా టీ అని పేరు. మనుషుల ఆపరేషన్ థియేటర్లో ఇలాంటి వేషాలు వేస్తే ఉద్యోగాలు ఊడతాయి. పందుల దగ్గర అడిగేదెవరు? ఎద్దు పుండు కాకికి నొప్పా అన్నారు పెద్దలు.

అక్కడ చేసే పనేమిటో బెజవాడ చుట్టుపక్కల హైవే మీద తిరిగేవాళ్ళకి పెద్దగా వివరించనక్కర్లేదు. లారీ గుద్దుతుంది. పొట్టలో పెద్ద రక్తనాళం తెగుతుంది. పైనుంచి ఎంత రక్తం ఎక్కించినా చిల్లుకుండలో పోసినట్టే. డాక్టరుకి కుట్టడం రాక కాదు, కుట్టేంత వ్యవధి ఉండదు. ఆ వ్యవధి కోసమే రంగనాయకులు ఏళ్ళ తరబడి తల బద్దలు కొట్టుకుని చలవని కనిపెట్టాడు. కొబ్బరినీళ్ళలా తేటగా, మంచుకన్నా చల్లగా ఉండే మందునీళ్ళు. రక్తం కారిపోతున్న ఒంట్లోకి దాన్ని ఎక్కిస్తే మిగిలిన రక్తమంతా బయటికొచ్చేసి, నరనరానా చలవే నిండుతుంది. గుండె ఆగుతుంది, ఊపిరి ఆగుతుంది. చావు మాత్రం ఓ గంటసేపు గుమ్మం బయటే నిలబడుతుంది. ఆ గంటలో కుట్టేసి, చలవ తీసి, వెచ్చటి రక్తం ఎక్కిస్తే పంది లేచి తవుడు తింటుంది. మొదట్లో పదింటికి రెండు లేచేవి. ఇప్పుడు దాదాపు అన్నీ లేస్తున్నాయి.

టోపీ, తెర, అంకె డాక్టర్ సుభాషిణివి. లోపల ఎవరైనా ఉన్నారా లేరా అని చెప్పడం ఆవిడ పని. రక్తంతోపాటు మత్తుమందు కూడా బయటికి కొట్టుకుపోతుందని అందరికీ తెలుసు. అయితేనేం, మెదడే సున్నాలో ఉన్నాక మత్తుతో పనేముంది? సున్నా అంటే ఇల్లు ఖాళీ. ఆ మాట సుభాషిణి చెప్పింది, మిగతావాళ్ళు నమ్మారు. నమ్మి, తెరుచుకున్న పొట్ట పక్కనే నిలబడి టీ తాగారు, క్రికెట్ స్కోర్లు చెప్పుకున్నారు, రంగనాయకులు తన అత్తగారి మీద చెప్పే అరిగిపోయిన జోకుకి ప్రతిసారీ కొత్తగా నవ్వారు.

సుభాషిణి నవ్వేది కాదు, మాట్లాడేదీ కాదు. పుట్టుకతోనే ఆవిడ మాటల పొదుపు మనిషి. "పేరు పెట్టేటప్పుడు మీ నాన్న కాస్త ఆగి చూడాల్సింది" అని మొగుడు పూర్ణచంద్రరావు పెళ్ళైన కొత్తలో అన్న మాట ఇప్పటికీ అంటూనే ఉంటాడు.

ఆయన గూడ్సు బండి గార్డు. ఈమధ్య ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజరని పేరు మార్చారు. "పేరు మార్చారుగానీ పెట్టెలో ఫ్యాను పెట్టలా" అంటాడు ఆయన. యాభై పైచిలుకు వ్యాగన్ల చివర, అగ్గిపెట్టెలాంటి బ్రేక్ వ్యానులో, ఒంటరిగా, పది గంటలు, పన్నెండు గంటలు. చేతి దీపం తప్ప ఇంకో వెలుగుండదు. పక్కన మనిషి ఉండడు. ఎక్స్‌ప్రెస్ బండ్లకి దారివ్వడానికి గూడ్సుని ఏ తొండలగోపవరంలోనో లూప్ లైన్లో పెట్టి మర్చిపోతారు. చుట్టూ పత్తిచేలు, కీచురాళ్ళు.

"భయం వెయ్యదా మీకు?" అని సుభాషిణి ఒకసారి అడిగింది.

"దేనికి? ముందు ఇంజన్లో డ్రైవరున్నాడుగా. నేను వాకీటాకీలో ఆల్ రైట్ అంటా. వాడు ఆల్ రైట్ అంటాడు. వాడి మొహం నాకు కనపడదు, నా మొహం వాడికి కనపడదు. అవతల్నించి గొంతు పలికితే చాలు సుభా, ఎన్ని గంటలైనా కూర్చోవచ్చు."

"పలక్కపోతే?"

"పలక్కపోవటమేంది? పలకాలి. అది రూలు" అని నవ్వేశాడు. ఆ తర్వాత అలవాటు ప్రకారం ఆ రోజు ప్రయాణాన్ని ఒప్పజెప్పాడు. "రాయనపాడు, కొండపల్లి, చెరువుమాధవరం, గంగినేని, ఎర్రుపాలెం, తొండలగోపవరం, మధిర, మోటమర్రి, బోనకల్లు, పందిళ్ళపల్లి, ఖమ్మం." ఇంటికి రాగానే స్నానానికి ముందు అలా స్టేషన్లన్నీ చదివితేగాని ఆయనకి బండి దిగినట్టుండదు. ఇన్నేళ్ళు విని విని సుభాషిణికి కూడా అవి ఎక్కంలా నోటికొచ్చేశాయి.

*

ఆ విషయం బయటపడింది ఒక ఆడపంది వల్ల.

చలవ నుంచి లేచి నెల్లాళ్ళైంది దానికి. బాగా తింటోంది, బలిసింది. సుభాషిణి ఓ మధ్యాహ్నం దాని పొట్ట మీది కుట్లు చూద్దామని పందుల కొట్టం వైపు వెళ్తూ, తాగుతున్న టీ గ్లాసు చేత్తోనే పట్టుకెళ్ళింది. కమ్మీ దగ్గర వంగుతుంటే స్టీలు గ్లాసు ఇనుప కమ్మీకి తగిలి గణగణమంది.

పంది తినడం మానేసింది. వెనక్కి వెనక్కి నడిచి గోడకి ఒత్తుకుంది. ఒళ్ళంతా వణికిపోతోంది. నిలుచున్నచోటే మూత్రం పోసేసుకుంది. అరవలేదు. అరిచి ఉంటే సుభాషిణి అంత పట్టించుకునేది కాదేమో. నోరు తెరిచి, గొంతు రాక, కళ్ళప్పగించి చూస్తూ ఉండిపోయింది.

గ్లాసు కింద పెట్టేసి సుభాషిణి ఆలోచించింది. ఈ కొట్టంలో తొట్లన్నీ ప్లాస్టిక్‌వి. ఇక్కడికి ఎవరూ టీ తీసుకురారు. పందికి మత్తు ఇక్కడే ఇస్తారు, నిద్రపోయాకే బండి మీద లోపలికి తీసుకెళ్తారు. లేచేదీ ఇక్కడే. ఈ పంది తన బతుకులో స్టీలు గ్లాసు చప్పుడు విని ఉండగలిగిన చోటు ఒక్కటే, వేళ ఒక్కటే. సున్నా టీ వేళ.

రంగనాయకులు గదిలోకి వెళ్ళి చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు. శ్రద్ధగా విన్నాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఒక్క పందిని చూసి శాస్త్రం చెప్పకూడదమ్మా. ఏ చప్పుడుకైనా బెదురుతుందేమో."

"మిగతా చప్పుళ్ళకి బెదరలేదు సార్. బకెట్టు కొట్టి చూశాను, గొలుసు లాగి చూశాను."

"మరి నీ సున్నా?"

"నా టోపీ మెదడు పైపొర మాటలే వింటుంది. పైపొర మూగపోతే సున్నా అంటోంది. కిందెక్కడో, లోతున, ఎవరైనా కూర్చుని వింటూ ఉంటే దానికి తెలీదు. నాకూ తెలీదు సార్."

మనుషుల మీద చలవ వాడటానికి అనుమతి వచ్చి అప్పటికి పదిరోజులే అయింది. పదిరోజులుగా కేంద్రమంతా పెళ్ళివారిల్లులా ఉంది. "మూడు పందులిస్తాను. నీ ఇష్టమొచ్చినట్టు చూసుకో" అన్నాడు చివరికి.

మొదటి పందికి మామూలుగానే టీ నడిపించింది. రెండోదానికి గదిలో ఎవరూ కిమ్మనకూడదంది, చెవులకి దూది కుక్కింది. మూడోదాని చెవి దగ్గర ముక్కాలిపీట వేసుకుని తనే కూర్చుంది. గంటసేపు మాట్లాడాలి. సుభాషిణికి అది పంది పొట్ట కొయ్యడం కంటే కష్టమైన పని. ఏం మాట్లాడుతుంది? "ఏం భయం లేదు" అంది. ఇంకోసారి అంది. తర్వాత మాటలు దొరక్క, మొగుడి స్టేషన్లు చదవడం మొదలుపెట్టింది. రాయనపాడు నుంచి ఖమ్మం, ఖమ్మం నుంచి వెనక్కి. ఆవిడ సహాయకుడు మస్తాన్ తెర దగ్గర కూర్చుని నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నాడు. తెర మీద మాత్రం సున్నా కదల్లేదు.

మూడూ లేచాయి. టీ విన్న పంది గ్లాసు గణగణకి గోడకి ఒత్తుకుంది. చెవులు మూసిన పంది గ్లాసుకి బెదరలేదుగానీ చీకటికి బెదిరింది. సాయంత్రం కొట్టంలో దీపం తీసేస్తే తెల్లారేదాకా కమ్మీలకి తల కొట్టుకుంది. మూడో పంది సుభాషిణి గొంతు వినపడితే చాలు, తింటున్న తవుడు వదిలేసి వచ్చి కమ్మీ సందులోంచి ముట్టె చాపేది. అది అంతకుముందు ఏనాడూ ఆవిడ గొంతు విన్నది కాదు.

అప్పుడు మస్తాన్ నవ్వలేదు. "మేడమ్, మరి ఇన్నేళ్ళూ..." అని మొదలుపెట్టి ఆపేశాడు. ఇన్నేళ్ళ పందులన్నీ ఆ గంటలో ఏం చేస్తూ ఉన్నాయో ఎవరు చెప్పగలరు? చలిలో, చీకట్లో, కదల్లేక, అరవలేక, అత్తగారి మీద జోకు వింటూ. సుభాషిణి ఆరోజు ఇంటికెళ్ళి స్టీలు గ్లాసులన్నీ గోనెసంచిలో కట్టి అటకెక్కించింది. గాజు గ్లాసులు కొనుక్కొచ్చింది.

"ఇదేం వైభోగం?" అన్నాడు పూర్ణచంద్రరావు.

సుభాషిణి జరిగింది చెప్పింది. ఆవిడ అంతసేపు ఏకబిగిన మాట్లాడటం ఆయనెప్పుడూ వినలేదు. ఆయన టీ చల్లారిపోయింది.

"పాపం, లూప్ లైన్లో పెట్టి మర్చిపోయారన్నమాట" అన్నాడు.

*

ఆ తర్వాతి వారం, పట్టపగలు, ఇబ్రహీంపట్నం దగ్గర ఇసుక లారీ ఒకటి అడ్డదారిన హైవే ఎక్కి పూర్ణచంద్రరావు మోటారుసైకిల్ని గుద్దింది. ఆయన డ్యూటీకి వెళ్తున్నాడు. కేంద్రానికి ఆనుకునే ఆస్పత్రి ఉంది కాబట్టి అక్కడికే తెచ్చారు. సుభాషిణి పరుగెత్తుకెళ్ళేసరికి స్ట్రెచరు కింద నేలంతా ఎర్రగా ఉంది. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆవిణ్ణి గుర్తుపట్టి ఏదో అనబోయాడు, గొంతు రాలేదు.

రంగనాయకులు బయటికొచ్చాడు. ఆయన మొహం చూస్తేనే సగం తెలిసిపోయింది.

"పొట్టలో పెద్ద నాళం తెగిందమ్మా. ఎక్కిస్తున్నంతసేపూ కారిపోతోంది. మామూలు పద్ధతిలో అయితే నేను తెరిచేలోపు..." ఆగాడు. "చలవ ఉంది. నువ్వు ఊఁ అంటేనే. ఇంకెవరైనా అయితే అడిగేవాణ్ణి కాదు, చేసేసేవాణ్ణి. నీకు తెలుసు కాబట్టి అడుగుతున్నా."

అదీ సుభాషిణికి వచ్చిన కష్టం. తెలియనివాళ్ళు అదృష్టవంతులు. కాళ్ళావేళ్ళా పడి ఎలాగైనా బతికించమంటారు. ఈవిడకి తెలుసు. ఊఁ అంటే ఆ మనిషిని తన చేతుల్తో ఆ చీకట్లోకి తోసినట్టే. ఊహూఁ అంటే ఇంకో పావుగంటలో మనిషే ఉండడు. గోడకి ఒత్తుకుని నోరు తెరిచిన పంది కళ్ళముందు మెదిలింది. దాని వెనకే కమ్మీ సందులోంచి చాపిన ముట్టె మెదిలింది.

"నేను చెవి దగ్గర కూర్చుంటాను" అంది. "గదిలో ఇంకెవరూ మాట్లాడకూడదు."

"కూర్చోమ్మా. నేను చేతుల్తోనే సైగ చేస్తా" అన్నాడు రంగనాయకులు.

*

ఎప్పుడూ పందిని చూసిన బల్ల ఎత్తులో మొగుణ్ణి చూడటం ఎలా ఉంటుందో సుభాషిణి ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు. టోపీ తనే పెట్టింది. జుట్టు పలచబడిన చోట తీగ సరిగ్గా అంటకపోతే వేలితో నొక్కి సరిచేసింది. మస్తాన్ తెర ముందు కూర్చున్నాడు. చలవ ఎక్కడం మొదలైంది. ఆయన పెదవులు ముందు తెల్లబడ్డాయి, తర్వాత గోళ్ళు. అంకె నలభై, ఇరవై, ఏడు. సున్నా.

ఎవరూ టీ అనలేదు.

సుభాషిణి వంగి, చల్లబడిపోతున్న చెవికి నోరు ఆనించింది. "నేనేనండీ. ఇక్కడే ఉన్నాను."

మాట్లాడింది. పొద్దున గ్యాసు అయిపోయిందని చెప్పింది. కరివేపాకు మొక్కకి చీడ పట్టిందని, పక్కవాటా వాళ్ళ కోడిపుంజు మన గోడెక్కి కూస్తోందని చెప్పింది. పెళ్ళైన కొత్తలో ఆయన బ్రేక్ వ్యానులోంచి ఆకుపచ్చ జెండా ఊపితే, గేటు దగ్గర నిలబడి చూసి సిగ్గుపడి చెయ్యి ఊపలేదనీ, అప్పట్నించీ ఆ మాట చెబుదామనుకుంటూనే ఉన్నాననీ చెప్పింది. ఇరవయ్యేళ్ళలో దాచుకున్న మాటలన్నీ పట్టుమని పావుగంటకి సరిపోలేదు. పొదుపు మనిషికి ఆరోజు ఏడుపొచ్చింది. ఇంకాస్త దుబారాగా బతకాల్సిందనిపించింది.

మాటలైపోయాక స్టేషన్లెత్తుకుంది. మెల్లిగా, ఒక్కో స్టేషన్ దగ్గర కాసేపు ఆపుతూ, అక్కడ ఆయన చెప్పిన కబురేదో కలుపుతూ. రాయనపాడు. కొండపల్లి, బొగ్గు దుమ్ముకి తెల్లచొక్కా నల్లబడే చోటు. చెరువుమాధవరం. గంగినేని. ఎర్రుపాలెం, మామిడికాయలు కొనుక్కొచ్చారే ఆ ఊరు. తొండలగోపవరం...

"మేడమ్!" మస్తాన్ ఆపుకోలేకపోయాడు. "మేడమ్, అంకె!"

సుభాషిణి తలెత్తింది. తెర మీద సున్నా లేదు. రెండు ఉంది.

చలవలో ఉన్న ప్రాణి అంకె కదలడం ఆవిడ ఏనాడూ చూడలేదు. ఇన్ని పందుల్లో, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా. కింద, లోతున ఎవరో ఉన్నారని ఇన్నాళ్ళూ అనుమానమే, ఇప్పుడు కంటికి కనపడుతోంది. ఆవిడ లేచింది. ఎప్పుడు లేచిందో తనకే తెలీదు. నాలుగంగల్లో తెర ముందుంది.

రెండు, ఒకటి అయింది. ఒకటి, సున్నా అయింది.

"తీగ ఊడిందా? చూడు. వెనక్కి తిప్పు, ఇందాకటి గీత చూపించు." మస్తాన్ వెనక్కి తిప్పాడు. అవును, గీతలో చిన్న అల. పొరపాటు కాదు, పక్కన మోటారు చప్పుడు కాదు. అల, ఆగి, మళ్ళీ అల. "ఇంకొక్కసారి" అంది సుభాషిణి తెరతో. "ఇంకొక్కసారి రావాలి. వస్తే ఇక ఎవరూ కాదనలేరు." తెరకి మొహం ఆనించినంత దగ్గరగా నిలబడి, రెప్ప వెయ్యకుండా చూసింది. సున్నా. సున్నా. గదిలో యంత్రాల రొద తప్ప ఏమీ లేదు. అందరూ ఆవిడ చెప్పినట్టే నోళ్ళు మూసుకుని ఉన్నారు.

చివరికి రంగనాయకులు, చేతులు పొట్టలోంచి తియ్యకుండా, తలెత్తకుండా అన్నాడు.

"అమ్మా, నువ్వు మాట్లాడటం మానేశావు."

సుభాషిణికి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అంకె దేనికి కదిలిందో, ఎందుకు పడిపోయిందో, ఇంతసేపూ తను ఏ గొంతు కోసం తెర ముందు నిలబడి ఎదురుచూస్తోందో, ఆ గొంతు ఎవరి గొంతు కోసం ఎదురుచూస్తోందో అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. బల్ల దగ్గరికి పరుగెత్తింది. పీట తన్నుకుని పడబోయి, బల్ల అంచు పట్టుకుని, మోకాళ్ళ మీదే కూలబడి చెవి అందుకుంది.

"మధిర" అంది. "మధిర అండీ. మధిర వచ్చింది. మోటమర్రి. బోనకల్లు."

ఇంకెక్కడా ఆపలేదు. ఖమ్మం వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళింది. గొంతు బొంగురుపోయి, చివరికి గాలి తప్ప మాట రాని స్థితిలో కూడా పెదవులు కదుపుతూనే ఉంది. వెచ్చటి రక్తం ఎక్కింది. గుండె కొట్టుకుంది. అంకె ముప్ఫై దాటాక రంగనాయకులు వచ్చి భుజం పట్టుకుని లేపితేగాని లేవలేదు.

తర్వాత రికార్డు చూస్తే, ఆవిడ చెవి దగ్గర లేనిది నాలుగు నిమిషాలు. అందులో అంకె మళ్ళీ కదల్లేదు.

*

పూర్ణచంద్రరావు బతికాడు. అది చిన్న సంగతి కాదు. పేపర్లో వేశారు, దండలు వేశారు, చలవ పేరు దేశమంతా మోగింది. ఆ తర్వాత ఎంతోమంది బతికారు. సుభాషిణి మీటింగులో లేచి నిలబడి, సున్నా అంటే ఎవరూ లేరని కాదు, నాకు వినపడటం లేదని అర్థం, అంతే అని చెప్పింది. చలవని ఆపెయ్యమని ఎవరూ అనలేదు, ఆవిడా అనలేదు. గంట చీకటికి భయపడి ప్రాణం పోగొట్టుకోమని ఎవరికి చెబుతాం? చెవి దగ్గర అయినవాళ్ళు ఒకరు కూర్చోవాలని మాత్రం రూలు పెట్టారు. అయినవాళ్ళు సమయానికి అందకపోతే సుభాషిణి కూర్చుంటోంది. పందుల దగ్గరా కూర్చుంటోంది. నోట్లో నాలుక లేని మనిషి ఇప్పుడు రోజంతా ఎవరో ఒకరి చెవిలో మాట్లాడుతూనే ఉంటుంది. రంగనాయకులు టీ పూర్తిగా మానేశాడు. షుగరు అని చెబుతాడు.

పూర్ణచంద్రరావుకి జ్ఞాపకశక్తి పోలేదు, మాట తడబడలేదు, కుట్లు మానాయి. అన్నీ బాగానే ఉన్నాయి. ఒక్కటే, గదిలో ఒంటరిగా ఉండలేడు. సుభాషిణి వంటింట్లో ఉంటే వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుంటాడు. రేడియో ఆగితే ఉలిక్కిపడతాడు. స్నానానికి వెళ్తే తలుపు దగ్గరికి వెయ్యడు, లోపల్నించి "ఉన్నావా?" అంటూ ఉంటాడు. డాక్టర్లు సరేనన్నాక మొదటిరోజు డ్యూటీకెళ్ళి బ్రేక్ వ్యాను ఎక్కాడు. కొండపల్లిలో బండి ఆగగానే జెండాలు, దీపం, వాకీటాకీ అన్నీ పట్టుకుని దిగిపోయి, స్టేషన్ మాస్టరు గదిలోకెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడట. "నా వల్ల కాదండీ. ఇంకెవర్నన్నా పంపండి" అన్నాడట. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో ఆయన బండి దిగిపోవడం అదే మొదలు. ఇప్పుడు ఆఫీసులో టేబులు పని. చుట్టూ పదిమంది ఉంటారు కాబట్టి ఫర్వాలేదు.

ఆ గంట గురించి మాత్రం ఆయన నోరు విప్పలేదు. సుభాషిణి అడగలేదు. డాక్టరుగా అడగాల్సిన ప్రశ్నలు వంద ఉన్నాయి, భార్యగా ఒక్కటి కూడా నోట్లోంచి రాలేదు. ఏం గుర్తుందో అనే భయం ఒకటైతే, ఏమీ గుర్తులేదంటాడేమో, తను దానికి సంతోషించి నమ్మేస్తుందేమో అనే భయం ఇంకొకటి. స్టేషన్లు చదివిన సంగతి ఆయనకి ఆవిడ చెప్పలేదు. మస్తాన్‌నీ, రంగనాయకుల్నీ చెప్పొద్దంది.

ఓ ఆదివారం సాయంత్రం. ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. గాజు గ్లాసుల్లో టీ. దూరంగా గూడ్సు బండి ఏదో రాయనపాడు వైపు పోతోంది. చివరి పెట్టె దాటేదాకా ఆయన చెవి ఒగ్గి విన్నాడు.

"ఓ మాట అడగనా సుభా?"

"అడగండి."

"నువ్వు స్టేషన్లు చదివావు."

సుభాషిణి గ్లాసు కింద పెట్టింది.

"బానే నడిపావు బండి. ఎర్రుపాలెం దాటించావు, తొండలగోపవరం తెచ్చావు. అక్కడ ఆపేశావు." ఆయన గొంతులో కోపం లేదు. దారి తెలీనివాడు దారి అడుగుతున్నట్టుంది. "ఎక్కడికి పోయావు?"

సిగ్నల్ పడలేదండీ అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆ అబద్ధం చెబితే ఆయన నమ్మేవాడే. గార్డుకి అంతకంటే సబబైన కారణం ఇంకొకటుండదు. సుభాషిణి ఆ మాట మింగేసింది.

"తెర చూడ్డానికి లేచానండీ. అంకె కదిలింది."

"కదిలిందంటే?"

"లోపల మీరున్నారని."

"అయితే నేనున్నట్టు నీకు తెలిసింది."

"తెలిసింది."

"తెలిసే లేచిపోయావా?"

సుభాషిణి తల వంచుకుంది. తలెత్తి నాలుగే నిమిషాలండీ అనబోయి, ఆయన కళ్ళు చూసి ఆగిపోయింది. ఆ కళ్ళలో ఉన్నవి నిమిషాలు కావు.

"నేను ఆల్ రైట్ చెప్పాను సుభా" అన్నాడు పూర్ణచంద్రరావు. "నీ గొంతు వినపడగానే చెప్పాను. ఎట్టా చెప్పానో నాకే తెలీదు, ఒళ్ళంతా కూడగట్టుకుని చెప్పాను. నువ్వు పలకలా. మళ్ళీ చెప్పాను. మళ్ళీ చెప్పాను. ఎన్నేళ్ళు చెప్పానో."

గూడ్సు చప్పుడు పూర్తిగా సద్దుమణిగింది. వీధిలో కూడా ఆ క్షణాన ఏ చప్పుడూ లేదు. ఆయన చెయ్యి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకోవడం సుభాషిణి చూసింది. చప్పున తన కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆయన చెవి దగ్గరికి వంగింది.

"ఆల్ రైట్" అంది. ఏడుస్తూనే, "రాయనపాడు, కొండపల్లి, చెరువుమాధవరం" అని మొదలుపెట్టింది.

ఇప్పుడు రోజూ అదే వరస. ఆయన ఆఫీసు నుంచి రాగానే, స్నానానికి ముందు, ఆవిడే చదువుతుంది, ఆయన వింటాడు. అన్ని స్టేషన్ల దగ్గరా నింపాదిగా ఆగుతుంది, కబుర్లు చెబుతుంది. ఎర్రుపాలెం దాటిందంటే మాత్రం ఆయన వేళ్ళు వచ్చి ఆవిడ మణికట్టు పట్టుకుంటాయి. సుభాషిణి గుండెల నిండా గాలి పీల్చుకుని, తొండలగోపవరం మధిర అని రెండూ కలిపేసి చెబుతుంది. మధ్యలో ఊపిరి కూడా తీసుకోదు.